సోర్ ఓపస్ 9: మొజార్ట్ గంటల పాట మీద వేరియేషన్లు. ఐదూ ఐదు వేరే పాటల్లా వినిపిస్తున్నాయి, ఏం చేయాలి?

ఆరుతీగలు | శనివారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. నాది హైదరాబాద్. క్లాసికల్ గిటార్ మొదలుపెట్టి ఏడేళ్లయింది. ఆర్నెల్లుగా ఫెర్నాండో సోర్ ఓపస్ 9 (అచ్చయిన రచనల్లో తొమ్మిదో నంబరుది) మీదే కూర్చున్నాను. మొజార్ట్ మ్యాజిక్ ఫ్లూట్ ఒపెరాలోని ఒక చిన్న పాట తీసుకుని ఆయన రాసిన ఇంట్రడక్షన్, థీమ్ (అంటే అసలు పాట), ఐదు వేరియేషన్లు, చివర ముగింపు ముక్క, కోడా.

నోట్లన్నీ చేతికి వచ్చేశాయి. విడివిడిగా వాయిస్తే ఒక్కోటీ ఫరవాలేదు. మొత్తం కలిపి వాయిస్తేనే తేడా కొడుతోంది. థీమ్ మెట్రోనోమ్ (నిమిషానికి ఇన్ని దెబ్బలని టిక్కుటిక్కుమని కొట్టే యంత్రం) మీద 72లో మొదలవుతుంది. మొదటి వేరియేషన్‌కి వచ్చేసరికి 50కి పడిపోతుంది. రెండోది సాగుతుంది. ఐదోదాంట్లో పరుగు. మొన్న రాత్రి ఇదంతా అయ్యాక మా చెల్లి పక్క గదిలోంచి వచ్చి "ఇవాళ ఎన్ని పాటలు వాయించావు?" అంది. ఒక్కటే అన్నాను. నమ్మలేదు.

ఇదివరకు నేర్పిన సార్ ఒకరు "ఒక్కో వేరియేషన్ విడిగా తేల్చుకో, తర్వాత అతికించు" అనేవారు. అలాగే చేశాను. ఇప్పుడు అతుకులే వినిపిస్తున్నాయి. వచ్చే నెల పదిమంది ముందు వాయించాలి, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా ఈ దారిలో వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి.

వెండిగంటలు | శనివారం, రాత్రి 11:40

తమ్ముడూ, ముందు ఒక్క మాట అడుగుతాను. ఆ పాట ఒపెరాలో ఎక్కడ వస్తుందో ఎప్పుడైనా చూశావా? గిటార్ వాళ్లలో చాలామంది చూడరు. నేనూ పదేళ్లు చూడలేదు. జర్మనీకి వచ్చాక స్టేజి మీద చూసినప్పుడు నా థీమే మారిపోయింది.

మొదటి అంకం చివర్లో వస్తుంది. పక్షులు పట్టే పాపగేనో, రాకుమారి పామీనా కలిసి పారిపోతుంటారు. కాపలా మనిషి మోనొస్టాటోస్ తన మనుషులతో వచ్చి పట్టేసుకుంటాడు. తాళ్లు, గొలుసులు తెమ్మంటాడు. అప్పుడు పాపగేనోకి తన దగ్గరున్న మంత్రపు గంటల పెట్టె గుర్తొస్తుంది. మోగిస్తాడు. కట్టేయడానికి వచ్చినవాళ్లు అక్కడికక్కడే చిందులేయడం మొదలుపెడతారు. "ఎంత కమ్మగా మోగుతోంది, ఎంత అందంగా మోగుతోంది, ఇలాంటిది ఎన్నడూ వినలేదు, చూడలేదు" అని పాడుకుంటూ, ఆడుకుంటూ అలాగే బయటికి వెళ్లిపోతారు. అంతే. ఎవరికీ దెబ్బ తగలదు.

నీ థీమ్ అదే. గంటలు మోగే పాట. నువ్వు 72లో మొదలుపెట్టాను అన్నావు కదా, స్పీడ్ సంగతి తర్వాత. ఆ పై స్వరాలు గంటల్లా మోగుతున్నాయా, లేక వేలితో నొక్కిన నోట్లలా ఉన్నాయా? రికార్డు చేసి విను.

ఇంకో సంగతి. ఈ ఒపెరా 1791 సెప్టెంబర్ 30న వియన్నాలో మొదటిసారి ఆడింది. మాటలు, పాటలు రాసిన షికనేడరే పాపగేనో వేషం కట్టాడు. స్టేజి మీద ఆయన వాయిస్తున్నట్టు నటిస్తాడు, అసలు గంటల వాద్యం మోగేది తెర వెనక. వారం దాటిన మర్నాడే, అక్టోబర్ 8న రాత్రి, పాపగేనో గంటల పాట వస్తుంటే మొజార్ట్ వెనక్కి వెళ్లి తనే వాయించాడు. షికనేడర్ ఆగినచోట కావాలని ఒక మీటు వేశాడు. షికనేడర్ ఉలిక్కిపడి, రెండోసారి ఆగినప్పుడు మొజార్ట్ వేయకపోయేసరికి తనూ ఆగిపోయాడు. మొజార్ట్ మళ్లీ వేశాడు. దాంతో ఆయన తన చేతిలో గంటల్ని ఒక్కటి కొట్టి "నోర్ముయ్" అన్నాడు. జనమంతా నవ్వారు. పాపగేనో నిజంగా వాయించడం లేదని చాలామందికి అప్పుడే తెలిసిందట. ఇదంతా భార్యకు రాసిన ఉత్తరంలో మొజార్టే చెప్పాడు. ఆ తర్వాత రెండు నెలలకే, డిసెంబర్ 5న, పోయాడు. ఆ ఉత్తరం చదివాక ఈ పాటల్ని బరువుగా వాయించాలంటే నాకు చేతులు రావు.

కొత్తగా_చేరా | ఆదివారం, ఉదయం 7:15

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. వేరియేషన్ అంటే రీమిక్స్ లాంటిదా?

మీటు | ఆదివారం, ఉదయం 8:03

కొత్తగా_చేరా గారూ, ఒక పాట తీసుకుని, దాని కొలత, దాని కింద నడిచే శృతుల వరుస అలాగే ఉంచి, పైన అల్లిక మారుస్తూ పోవడం. ఓపస్ 9లో థీమ్ ఎనిమిది బార్లు (బార్ అంటే మన ఆవర్తం లాంటి కొలత), మళ్లీ ఎనిమిది బార్లు. ప్రతి సగం రెండుసార్లు వస్తుంది. అదే చట్రంలో ఐదుసార్లు వేర్వేరుగా నింపాడు సోర్. చట్రం ఒకటే, నేత వేరు.

పాతప్రతులు | ఆదివారం, ఉదయం 9:30

ఆరుతీగలు గారు, ఈ ముక్క ఎవరి కోసం రాశారో తెలిస్తే వాయించే తీరు కొంత తేలుతుంది. అందుకే చరిత్ర కాస్త చెబుతాను.

సోర్ 1778లో బార్సిలోనాలో పుట్టాడు. చిన్నప్పుడు మోంట్‌సెర్రాట్ మఠంలో పాడటం, సంగీతం రాయడం నేర్చుకున్నాడు. అంటే ముందు ఆయన చెవి బృందగానంలో తయారైంది, గిటార్ వేళ్లలో కాదు. ఇది గుర్తు పెట్టుకోండి. స్పెయిన్‌ని నెపోలియన్ మనుషులు ఏలినప్పుడు వాళ్ల కొలువులో చేరాడు. వాళ్లు ఓడి 1813లో వెనక్కి వెళ్లేటప్పుడు ఈయనా దేశం వదిలాడు. మళ్లీ స్వదేశంలో అడుగుపెట్టలేదు. పారిస్, తర్వాత 1815లో లండన్. అక్కడ పాట నేర్పుతూ, గిటార్ వాయిస్తూ, బ్యాలేలకు సంగీతం రాస్తూ బతికాడు. ఆ తర్వాత మాస్కో దాకా వెళ్లి, చివరికి పారిస్‌లోనే 1839లో కన్నుమూశాడు.

లండన్‌లో మ్యాజిక్ ఫ్లూట్ 1819లో ఇటాలియన్ భాషలో ఆడింది. అక్కడ ఈ పాట పల్లవి "ఓ కారా అర్మోనియా". సోర్ వేరియేషన్లు 1821లో లండన్‌లోనే అచ్చయ్యాయి, తన తమ్ముడికి అంకితం. పెద్దింటి వాళ్ల కచేరీల్లో రచయిత స్వయంగా వాయించిన తీరులో అని పై పేజీలోనే వేశారు. అంటే ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఆ పాట అప్పటికే నోటికొచ్చు. రేడియో లేదు, రికార్డు లేదు. థియేటర్‌లో విన్న పాట ఇంటికి వెళ్లాక మళ్లీ వినాలంటే ఎవరో ఒకరు వాయించాల్సిందే. అందుకే ఒపెరా పాటల మీద వేరియేషన్లు అంత అమ్ముడుపోయేవి. గిటార్‌కే ఇటలీ గిటారిస్టు జులియాని, రొసినీ ఒపెరా పాటలతో ఏకంగా ఆరు పెద్ద ముక్కలు కట్టాడు, ఓపస్ 119 నుంచి 124 దాకా.

మన చిక్కంతా ఇక్కడుంది. మీ పదిమందికి థీమ్ ముందుగా తెలియదు. ఆ రోజు లండన్‌లో వాళ్ల మనసులో అదే మోగుతూ ఉండేది, వేరియేషన్ దాని మీద పడేది. మీరు ఆ పని కూడా చేయాలి. థీమ్‌ని రెండు సగాలూ మళ్లీ వాయించకుండా కోసేయొద్దు. వాళ్ల చెవిలో అది నాటుకోవాలి.

గమకం | ఆదివారం, మధ్యాహ్నం 12:20

నేను వీణ వాయిస్తాను, గిటార్ రాదు. ఇది చదువుతుంటే ఉండబట్టలేక రాస్తున్నా. మీరు చెప్పేది అచ్చం సంగతులు కదా! త్యాగరాజస్వామి కీర్తనలో పల్లవి లైను మొదట సాదాగా వస్తుంది. తర్వాత ఒక్కో సంగతి ఒక్కో మెట్టు పైకెక్కుతుంది. కాలం కూడా కలుస్తోంది. స్వామివారు 1767 నుంచి 1847 దాకా ఉన్నారు, ఈ సోర్ ఆయన కాలం వాడే. ఐదు వేరియేషన్లను ఐదు సంగతులనుకుని వాయిస్తే ఆరుతీగలు గారి సమస్య తీరదా?

పాతప్రతులు | ఆదివారం, మధ్యాహ్నం 1:05

గమకం గారు, పోలిక నాకూ ఇష్టమే, కానీ సగం దాకే వస్తుంది. సంగతి ఎంత పెరిగినా సాహిత్యం అదే, రాగం అదే. చివరి సంగతిలో కూడా పల్లవి ముఖం కనిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ సోర్ రెండో వేరియేషన్‌లో ఏకంగా ఇ మేజర్ వదిలి ఇ మైనర్‌కి వెళ్లిపోతాడు. మీ భాషలో అంతర గాంధారం పోయి సాధారణ గాంధారం వచ్చింది. శంకరాభరణంలో కీర్తన పాడుతూ ఒక సంగతి మాత్రం కీరవాణిలో వేస్తామా?

గమకం | ఆదివారం, మధ్యాహ్నం 1:31

వేయం. ఒప్పుకుంటున్నాను. మరి అలా గాంధారం మారిపోతే విన్నవాళ్లు ఇది అదే పాట అని ఎలా గుర్తుపడతారు? దేన్ని పట్టుకుంటారు?

మీటు | ఆదివారం, సాయంత్రం 6:45

గమకం గారు అడిగిన ప్రశ్నే ఆరుతీగలు గారికి మందు.

బేస్‌ని పట్టుకుంటారు. తెలియకుండానే పట్టుకుంటారు. థీమ్‌లో బొటనవేలు వాయించే స్వరాలు మాత్రమే విడిగా వాయించి చూడండి. పై పాట వద్దు. పదహారు బార్లు. ఇ నుంచి బి, బి నుంచి ఇ, ఇంటికీ గుమ్మానికీ మధ్య తిరిగినట్టు ఉంటుంది. ఇప్పుడు మొదటి వేరియేషన్ బేస్ మాత్రమే వాయించండి. తర్వాత రెండోది, మూడోది. మైనర్‌కి వెళ్లినా సరే, ఏ బార్‌లో ఇల్లు వస్తుంది, ఏ బార్‌లో గుమ్మం దగ్గర ఆగుతుంది అన్నది దాదాపు ఒకేలా ఉంటుంది. పాతప్రతులు గారు చెప్పారు కదా, సోర్ చెవి బృందగానంలో తయారైందని. ఆయన ఏది రాసినా కింది గొంతు పాడుతూనే ఉంటుంది.

నేను చేసింది చెబుతాను. ఫోన్‌లో థీమ్ బేస్ ఒక్కటే, నిదానంగా, మెట్రోనోమ్ 52 మీద రికార్డు చేశాను. దాన్ని పెట్టుకుని దాని మీద ఒక్కో వేరియేషన్ వాయించాను. మేజర్‌లో ఉన్నవి దాని మీద ఇంచుమించు సర్దుకు కూర్చుంటాయి. రెండోదాంట్లో అక్కడక్కడా గీసుకుంటుంది, ఫరవాలేదు, బార్లు మాత్రం కలుస్తాయి. మూడు రోజుల్లో నా వేగాలు వాటంతటవే దారికొచ్చాయి. అప్పటిదాకా నేను ఎక్కడ పరిగెడుతున్నానో, ఎక్కడ సాగదీస్తున్నానో నాకే తెలియదు.

అన్నీ ఒకే వేగంలో ఉండాలని కాదు. రెండోది కాస్త నిదానిస్తుంది, చివరిది కాస్త కదులుతుంది. కానీ ఎక్కడినుంచి కదిలామో తెలిసి కదలాలి. థీమ్ వేగాన్ని థీమ్ చూసి పెట్టుకోకండి. మొదటి వేరియేషన్‌లో ఆ సన్న నోట్ల పరుగులు ఎంతలో శుభ్రంగా వస్తాయో చూసుకుని, ఆ వేగంతో థీమ్ మొదలుపెట్టండి. 72లో థీమ్ వాయిస్తే మొదటి వేరియేషన్‌లో అప్పు తీర్చాల్సి వస్తుంది.

ఆరుతీగలు | ఆదివారం, రాత్రి 9:10

మీటు గారూ, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్. బేస్ రికార్డు చేశాను. ఇంకా థీమ్ దాటలేదు, అప్పుడే ఒక తప్పు దొరికింది. ఐదో బార్ దగ్గర ప్రతిసారీ అర బీటు ముందు దూకుతున్నాను. ఆర్నెల్లుగా!

మొదటి వేరియేషన్‌లో ఇంకో చిక్కుంది. ఆ దిగే పరుగుల్లో చిటికెన వేలితో పుల్ ఆఫ్ (నొక్కిన వేలిని లాగి తీస్తూ తర్వాతి నోటు మోగించడం) చేసేటప్పుడు మొదటి తీగ ఫ్రెట్‌బోర్డు అంచు దాటి కిందికి జారిపోతోంది. టప్పుమని చప్పుడు. అందుకే చాలా నోట్లను స్లర్ (మళ్లీ మీటకుండా ఎడమ చేత్తోనే నోట్లు కలపడం) తీసేసి కుడి చేత్తో ఒక్కోటీ మీటుతున్నాను. అది తప్పా?

మీటు | ఆదివారం, రాత్రి 9:48

తప్పు అనను, కానీ పాట పోతుంది. ఒక్కో నోటూ మీటుతూ పరుగులు తీయడం తన పద్ధతి కాదని, అది కావాలంటే తన స్నేహితుడు అగ్వాదో దగ్గర నేర్చుకోమని 1830లో అచ్చయిన గిటార్ పుస్తకంలో సోరే రాసుకున్నాడు. ఆయన పరుగులన్నీ ఎడమ చేతి స్లర్ల మీదే నడుస్తాయి. మొదటి నోటు మీటితే తర్వాతవి దాన్నుంచి రాలాలి. గోళ్లతో వాయించడం కూడా ఆయనకు నచ్చదు, అగ్వాదోని మాత్రం మినహాయించాడు. ఇద్దరూ పారిస్‌లో కలిసి వాయించడానికి "ఇద్దరు మిత్రులు" అని ఓపస్ 41 కూడా రాశాడు.

చిటికెన వేలి సంగతి. మీరు తీగను కిందికి, అంటే నేలవైపు లాగుతున్నారు. లాగొద్దు. వేలి కొసను అరచేతివైపు ముడిచినట్టు తీసేయండి. పక్కవేలు అప్పటికే తన ఫ్రెట్ మీద గట్టిగా కూర్చుని తీగను ఆపి ఉంచాలి. అది ముందే కూర్చోకపోతేనే తీగ జారేది. రోజుకి ఐదు నిమిషాలు, ఒక్క పుల్ ఆఫే, అతి నెమ్మదిగా.

పియానోమెట్లు | సోమవారం, ఉదయం 6:50

నేను పియానో వైపునుంచి. వెండిగంటలు గారు కథతో మొదలుపెట్టారు, మీటు గారు బేస్‌తో. నాకు ఒక భయం ఉంది. కథ పట్టుకుని ప్రతి వేరియేషన్‌కీ ఒక సీను ఊహించుకుంటే దారి తప్పుతాం.

షోపాన్ పదిహేడేళ్లప్పుడు, 1827లో, మొజార్ట్ ఒపెరా డాన్ జొవాన్నీలోని "లా చి దారెమ్ లా మానో" మీద పియానో, ఆర్కెస్ట్రా కోసం వేరియేషన్లు రాశాడు. అదే ఓపస్ 2. 1829 ఆగస్టులో వియన్నాలో స్వయంగా వాయించాడు. జర్మన్ సంగీతకారుడు షూమన్ చూసి "టోపీలు తీయండి అయ్యా, మేధావి వచ్చాడు" అని పత్రికలో రాసిన ముక్క అదే. ఆ రోజుల్లోనే ఒక జర్మన్ దీనిమీద పేజీలకు పేజీలు సమీక్ష రాశాడు. ఈ వేరియేషన్‌లో డాన్ జొవాన్నీ పరిగెడుతున్నాడు, ఇక్కడ జెర్లీనాని కౌగిలించుకున్నాడు, అడాజియో (నిదానంగా నడిచే భాగం) ఐదో బార్‌లో డి ఫ్లాట్ మీద ముద్దు పెట్టాడు అని! షోపాన్ ఆ ముక్క ఉత్తరంలో స్నేహితుడికి చెప్పుకుని తెగ నవ్వుకున్నాడు. రాసినవాడి మనసులో అవేవీ లేవు.

బీతోవెన్ కూడా మ్యాజిక్ ఫ్లూట్ పాటల మీద చెల్లో, పియానోలకు రెండు సెట్లు రాశాడు. ఒకటి పాపగేనో పాట మీద పన్నెండు వేరియేషన్లు, ఓపస్ 66. ఇంకోటి పామీనా, పాపగేనో యుగళగీతం మీద ఏడు. రెండోదాంట్లో చెల్లో, పియానో ఒకరి మాట ఒకరు అందుకుంటారు. అది కథ కాదు, రెండు వాద్యాల మధ్య నడిచే సంగీతం.

వెండిగంటలు | సోమవారం, ఉదయం 8:22

పియానోమెట్లు గారు, షోపాన్ ఉత్తరం గుర్తుచేసి మంచిపని చేశారు. నేను ప్రతి వేరియేషన్‌కీ సీను కట్టమనలేదు, కట్టొద్దు కూడా. రెండో వేరియేషన్‌లో పామీనా ఏడుస్తోంది లాంటివి నేనూ విన్నాను, నాకూ నచ్చవు. నేను చెప్పేది థీమ్ వరకే. థీమ్ గంటల్లా మోగకపోతే తర్వాత ఏది మారిందో వినేవాళ్లకి తెలియదు. గాంధారం మారితే గుండె కలుక్కుమనాలంటే ముందు ఆ గాంధారం ఎంత వెలుగుగా ఉండేదో వాళ్లు విని ఉండాలి.

మొజార్ట్ ఆ పాటను జి మేజర్‌లో పెట్టాడు. సోర్ ఇ మేజర్‌కి దించాడు. ఎందుకో గిటార్ వాళ్లకు చెప్పక్కర్లేదు. అడుగున ఇ, దాని పక్కన ఎ, పైన బి, ఇ, నాలుగూ నొక్కకుండా మోగే తీగలు. నొక్కకుండా మోగే తీగకే గంట గుణం ఉంటుంది. వాటిని తొందరపడి ఆపేయకు తమ్ముడూ.

కచేరీపిచ్చి | సోమవారం, మధ్యాహ్నం 2:40

ఒక సలహా. పదిమంది ముందు అంటున్నారు కాబట్టి ఇంట్రడక్షన్ వదిలేయండి. స్పానిష్ గిటారిస్టు సెగోవియా 1927 రికార్డింగ్‌లోనే అది లేదు. సూటిగా థీమ్‌తో మొదలుపెడితే జనం పట్టుకుంటారు.

పాతప్రతులు | సోమవారం, మధ్యాహ్నం 3:15

సెగోవియా రికార్డు చేసిన 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపు నాలుగు నిమిషాలు దాటితే పట్టదు. ఈ ముక్క పూర్తిగా వాయిస్తే దానికి రెట్టింపు. ఆయనకు కోయక తప్పలేదు. మనకు ఆ ఇబ్బంది లేదు. ఇంట్రడక్షన్ అంతా ఇ మైనర్‌లో, బరువైన కార్డులతో నడిచి, బి మీద తలుపు సగం తీసి ఆగుతుంది. ఆ వెంటనే ఇ మేజర్‌లో గంటలు. ఆ చీకటి లేకుండా ఈ వెలుగు ఎక్కడిది? పైగా రెండో వేరియేషన్‌లో మైనర్ వచ్చినప్పుడు అది కొత్తది కాదు, మొదట విన్నదే తిరిగొచ్చింది అనిపిస్తుంది. ఇంట్రడక్షన్ తీసేస్తే ఆ తిరిగిరావడం ఉండదు. నేనైతే వదలను.

కచేరీపిచ్చి | సోమవారం, మధ్యాహ్నం 3:52

ఈ కోణం నాకు తట్టలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆరుతీగలు | శుక్రవారం, రాత్రి 11:25

ఆలస్యానికి క్షమించండి, ఆఫీసులో రిలీజ్ ఉంది. అయినా రోజుకి నలభై నిమిషాలు కూర్చున్నాను.

థీమ్ ఇప్పుడు 56. మొదట్లో మరీ మెల్లగా అనిపించి చేతులు ఊరుకోలేదు. కానీ తీగలు మోగడానికి ఇప్పుడు చోటు దొరికింది. బేస్ రికార్డింగ్ మీద ఐదూ వాయించాను. మొదటిది 56లోనే నిలబడుతోంది, స్లర్లు అన్నీ వెనక్కి పెట్టేశాను. తీగ జారడం పది సార్లకు రెండు సార్లకు తగ్గింది.

రెండోదాంట్లో ఒకటి గమనించాను. ఇన్నాళ్లూ కార్డుల్లో అన్ని స్వరాలూ ఒకే బలంతో మీటుతున్నాను. మొన్న పై స్వరం ఒక్కటే ఉంగరం వేలితో కాస్త గట్టిగా, మిగతావి తేలిగ్గా వేసి చూశాను. లోపలినుంచి థీమ్ వినిపించింది. గాంధారం మారిన థీమే. గమకం గారూ, మీరు అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. గిటార్ కింద పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను.

మూడోది దానంతటదే పాడుతోంది. నాలుగు ఇంకా గరుకుగా ఉంది. ఐదోదాంట్లో మూడేసి నోట్ల గుంపులు కోడా దగ్గరికి వచ్చేసరికి ముందుకు తోసేస్తున్నాయి. అక్కడ బొటనవేలు గట్టిగా పట్టుకోమంటారా?

మీటు | శనివారం, ఉదయం 7:35

గట్టిగా కాదు, ముందుగా. గుంపులో మొదటి నోటు బేస్‌తో కలిసి పడుతోందో లేదో వినండి. చాలామందికి బొటనవేలు వెంట్రుకవాసి వెనకబడుతుంది, దాన్ని అందుకోవడానికి పై వేళ్లు పరిగెడతాయి. నాలుగు బార్లు తీసుకుని, గుంపులో మొదటి నోటూ బేసూ మాత్రమే వాయించండి. తర్వాత మొదటి రెండు నోట్లు. తర్వాత మూడూ. కోడా దాకా ఇలాగే వెళ్లండి, వారం పడుతుంది.

గమకం | శనివారం, ఉదయం 9:02

ఆరుతీగలు గారూ, రెండో వేరియేషన్ ఒక్కటైనా రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. నేను ఆ పదహారు బార్లూ వీణ మీద వేసి చూస్తాను. బేస్ మీరు వాయించినది ఉంటే అదీ పంపండి.

ఆరుతీగలు | శనివారం, ఉదయం 9:20

తప్పకుండా అండీ. రేపు పొద్దున్నే, వీధిలో హారన్లు మొదలవక ముందు రికార్డు చేసి పెడతాను. బేస్ 52లో కావాలా, 56లోనా?

గమకం | శనివారం, ఉదయం 9:24

52లో. వీణ కదా, నాకు కాస్త చోటు కావాలి.